ఏడాది తిరగని ఇంట్లో ఈస్టర్

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. అత్తగారి వాళ్లది లూథరన్ సంఘం. నా పుట్టిల్లు విజయవాడ గుణదల, మేం క్యాథలిక్కులం. పోయిన ఆగస్టులో మా అత్తయ్య చనిపోయారు. ఈస్టర్ అంటే మా ఇంట్లో అంతా ఆవిడే. శనివారం సమాధులు శుభ్రం చేయించడం, పూలు తెప్పించడం, తెల్లవారుజామున మూడున్నరకే అందరినీ లేపి సమాధుల తోటకు తీసుకెళ్లడం అన్నీ ఆవిడే చూసుకునేవారు. ఈసారి మావారి మేనత్త "ఏడాది తిరగలేదు, ఈ ఇంట్లో పండగ చేయకూడదు" అంటున్నారు. మావారేమో "పండగ సంగతి తర్వాత, నేను మాత్రం సమాధి దగ్గరికి రాను" అంటున్నారు. మామయ్య ఏమీ మాట్లాడరు. బాబు ఎనిమిదో తరగతి, పాప మూడో తరగతి. ఈస్టర్ ఉందా లేదా అని రోజూ అడుగుతున్నారు. మా అమ్మ శనివారం రాత్రి గుడిలో జరిగే పాస్కా (ఈస్టర్) జాగరణకు గుణదల రమ్మంటోంది. నిజం చెప్పాలంటే ఇన్నేళ్లూ మాకు ఈస్టర్ అంటే నిద్రమత్తులో ఆరాధన, కొత్త బట్టలు, పలావు, వాట్సాప్ స్టేటస్. పదకొండింటికల్లా అయిపోయేది. ఈసారైనా కాస్త అర్థం ఉండేలా చేసుకోవాలని ఉంది. ఎలా చేసుకోవాలి?
– ఒక సోదరి, గుంటూరు

సమాధానం:

అమ్మా,

మేనత్త గారి మాటతో మొదలుపెడతాను. మీ ఇంట్లో మిగతా చిక్కులన్నీ దాని చుట్టూనే ఉన్నాయి. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో అనలేదు. మనిషి పోయిన ఏడాదిలో పిండివంటలు చేయకపోవడం, కొత్త బట్టలు కట్టకపోవడం మన వైపు చాలా ఇళ్లలో ఉన్నదే. క్రైస్తవుల ఇళ్లలోనూ అది అలాగే నిలిచిపోయింది. పోయినవాళ్లను మేం అంత తొందరగా మర్చిపోలేదని నలుగురికీ తెలియజేసే పద్ధతి అది. మొన్న క్రిస్మస్‌కు మీ ఇంటి మీద స్టార్ కట్టారో లేదో మీరు రాయలేదు. కట్టకపోయినా నేను తప్పు పట్టను.

కానీ ఈస్టర్‌ను ఆ లెక్కలో వేయకూడదు. క్రిస్మస్ బిడ్డ పుట్టిన ఇంటి పండగ, ఈస్టర్ చావు జరిగిన ఇంటి పండగ. ఆ ఆదివారం చీకటితో సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లకు ఏడాది మాట అటుంచండి, అది మూడో రోజు. వాళ్లు పండగ చేసుకోవడానికి వెళ్లలేదు. శుక్రవారం సిలువ మీద చనిపోయిన యేసు ప్రభువును పొద్దుగూకేలోపు హడావుడిగా సమాధిలో పెట్టేశారు, ఒంటికి పూయాల్సిన సుగంధ ద్రవ్యాలు సరిగ్గా పూయలేదు, చేయాల్సిన మర్యాద సగంలో ఆగిపోయింది. ఆ బాధతో వెళ్లారు. దారిలో వాళ్ల టెన్షన్ కూడా ఒకటే: అంత పెద్ద రాయి మనకోసం ఎవరు దొర్లిస్తారు? అలా మొదలైన రోజును, పోయిన మనిషిని తలుచుకుంటున్న ఇల్లే మానుకుంటే ఇక అది ఎవరికోసం?

మేనత్త గారితో వాదన పెట్టుకోకండి. "కొత్త బట్టలు కట్టం, టపాకాయలు కాల్చం, విందు చేయం. ఆరాధనకు వెళ్తాం, అత్తయ్య సమాధి దగ్గర ప్రార్థన చేసుకుంటాం" అని చెప్పండి. దానికి ఆవిడ కాదనలేరు. పైగా ఆవిడ వద్దంటున్న వాటిలో ఏ ఒక్కటీ ఈస్టర్‌కు అవసరం లేదు. పాప గౌను కావాలని మారాం చేస్తే మాత్రం కొనివ్వండి, ఎనిమిదేళ్ల పిల్ల దగ్గర ఈ నియమాలెందుకు.

ఇక మీవారు. ఆయన్ని బలవంతపెట్టవద్దు. ఎందుకో సువార్తల్లోనే ఉంది. మార్కు రాసిన ప్రకారం ఆ ఆడవాళ్లు సమాధి నుంచి వణుకుతూ పారిపోయారు, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. యోహాను సువార్తలో మగ్దలేనే మరియ సమాధి బయట నిలబడి ఏడుస్తోంది, ఎదురుగా నిలబడిన ప్రభువును చూసి తోటమాలి అనుకుంది. లూకా సువార్తలో ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు దిగులు ముఖాలతో నడుస్తున్నారు. మొదటి ఈస్టర్ నాడు ఉత్సాహంగా నిద్రలేచినవాళ్లు ఒక్కరూ కనిపించరు. మన దగ్గరేమో తెల్లవారకముందే మైకు పట్టుకుని "హల్లెలూయ గట్టిగా చెప్పండి, ఇంకా గట్టిగా" అంటారు. తల్లిని పోగొట్టుకున్నవాడు ఆ గుంపులో నిలబడి గట్టిగా ఎలా చెప్తాడు? ఆయన రానంటున్నది సమాధి దగ్గరికా, ఆ మైకు దగ్గరికా అన్నది మెల్లగా కనుక్కోండి. రెండోదే అయితే చిక్కు సగం తీరినట్టే.

శిష్యుల్లో ఒకడైన తోమా సంగతి గుర్తుందిగా. మొదటి ఆదివారం సాయంత్రం ప్రభువు వచ్చినప్పుడు అతను అక్కడ లేడు. ఎందుకు లేడో సువార్త చెప్పదు. తర్వాత మిగతా శిష్యులు చెప్తే నమ్మనని తెగేసి అన్నాడు. అయినా వాళ్లు అతన్ని వెళ్లగొట్టలేదు, అతనూ వాళ్లను వదిలిపోలేదు. ఎనిమిది రోజుల తర్వాత ప్రభువు మళ్లీ వచ్చినప్పుడు అందరితో పాటే ఉన్నాడు. చాలా సంఘాల్లో ఈస్టర్ తర్వాతి ఆదివారం చదివే భాగం ఇదే. ఈ ఏడాది, అంటే 2027లో, ఈస్టర్ మార్చి 28న వస్తోంది కాబట్టి మీవారికి ఏప్రిల్ 4 దాకా గడువివ్వండి. ఆ సాయంత్రం జనం లేనప్పుడు బండి మీద ఒక్కడినే వెళ్లొస్తానంటే వెళ్లనివ్వండి. అప్పటికీ రానంటే ఊరుకోండి. "మీ అమ్మ కోసమైనా రండి" అనే మాట మాత్రం మీరు గానీ, పిల్లల చేత గానీ అనిపించకండి. ఆ మాటతో తీసుకెళ్లిన మనిషి మళ్లీ ఏ ఈస్టర్‌కూ రాడు.

ఇప్పుడు శనివారం. ఈ ఉత్తరంలో నేను గట్టిగా పట్టుబట్టేది దీని గురించే. శుక్రవారం సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలు, ఆదివారం పునరుత్థానం. మధ్యలో శనివారం మన వాళ్లకు మటన్ కొట్టు దగ్గర, బట్టల షాపులో, టైలర్ దగ్గర గడిచిపోతుంది. చాలా సంఘాల్లో ఆ రోజు ఏ కార్యక్రమమూ ఉండదు. కానీ ఆ రోజుకూ ఒక కథ ఉంది. శుక్రవారం ఆడవాళ్లు వెంట వెళ్లి శరీరాన్ని ఎక్కడ ఉంచారో కళ్లారా చూసుకున్నారు. తర్వాత విశ్రాంతి దినం వచ్చింది, ధర్మశాస్త్రం ప్రకారం ఏ పనీ చేయకూడదు. సమాధి దగ్గరికి వెళ్లలేరు, ఇంట్లో కూర్చుంటే పొద్దు గడవదు. ఆగస్టు నుంచి మీ మామయ్య గారికి రోజూ అలాగే ఉండి ఉంటుంది.

అందుకని ఆ రోజు ఆయనకు పని కల్పించండి. మార్చి చివర గుంటూరు ఎండ సంగతి మీకు తెలిసిందే, అయిదు దాటాక బయల్దేరండి. ఆయన్ని, పిల్లల్ని తీసుకుని సమాధుల తోటకు వెళ్లి గడ్డి పీకండి, రాయి కడగండి, సున్నం వేయండి. మనిషిని పెట్టి చేయించే అలవాటు ఉంటే చేయించండి, కాని డబ్బులిచ్చి వచ్చేయకుండా దగ్గరుండండి. అత్తయ్య గారి సమాధితో ఆపకండి. పక్కన ఎవరూ రాని సమాధి ఒకటి ఉంటుంది, దాని మీద గడ్డి కూడా తీసేయండి. నోరు విప్పని పెద్దవాళ్లు చేతిలో పని ఉన్నప్పుడు మాట్లాడతారు. "ఈ పూలు మీ నానమ్మకు నచ్చేవి కావు" అంటూ ఆయన మొదలుపెడితే మీరు మధ్యలో మాట్లాడకండి, పిల్లల్ని విననివ్వండి. సున్నం మాత్రం పిల్లల చేతికివ్వొద్దు, కళ్లలో పడితే ప్రమాదం. కొవ్వొత్తులు మట్టి ప్రమిదల్లో ఇసుక పోసి నిలబెట్టండి. వేసవిలో ఎండుగడ్డి నిమిషంలో అంటుకుంటుంది, చీకట్లో చున్నీలు, పట్టు లంగాలు కూడా జాగ్రత్త.

సమాధుల తోటకు వెళ్లడం మన ఊరి అలవాటే గానీ అసలు ఈస్టర్‌కు సంబంధం లేదని అనేవాళ్లు సంఘాల్లో ఉంటారు. ఈసారి ఎవరైనా అంటే ఇది చెప్పండి. సూర్యోదయ ఆరాధనకు దొరుకుతున్న తొలి చరిత్రే సమాధుల మధ్య ఉంది. 1732లో జర్మనీలోని హెర్న్‌హుట్ అనే ఊళ్లో మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ సంఘానికి చెందిన యువకులు కొందరు ఈస్టర్ తెల్లవారుజామున కొండ మీది సమాధుల తోటకు వెళ్లి పాటలు పాడుకున్నారు. మరుసటి ఏడు సంఘమంతా వెళ్లింది. అక్కడి నుంచి ఆ పద్ధతి దేశదేశాలకూ పాకింది. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో, అంటే అప్పటికే ఈ ఆచారానికి నూట పదేళ్లు. మీ అత్తయ్య మూడున్నరకు అందరినీ లేపడం వెనక ఇంత ఉంది.

పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. పాప అడిగే ప్రశ్నలకు తిన్నగా జవాబు చెప్పండి. నానమ్మ నిద్రపోతోంది అనకండి. బైబిల్లో ఆ మాట ఉన్న సంగతి నాకు తెలుసు, కానీ ఆ వయసు పిల్లలు దాన్ని అలాగే తీసుకుంటారు, రాత్రి పడుకోవాలంటే భయపడతారు. "నానమ్మ చనిపోయింది. యేసు ప్రభువు లేచినట్టే ఆవిడా లేస్తుందని మనం నమ్ముతున్నాం. ఎప్పుడో మనకు తెలియదు" అంటే చాలు. బాబుకు ఇంకో పని. ప్రతి ఏడూ డిసెంబర్ 25 మారదు, ఈస్టర్ ఎందుకు మారుతుందని వాడినే కనుక్కోమనండి. మార్చి 21 నాడు గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమిని చూసుకుని, దాని తర్వాత వచ్చే ఆదివారం ఈస్టర్. అందుకే అది మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపల ఎప్పుడైనా రావచ్చు. పోయినేడు ఏప్రిల్ 5, ఈసారి మార్చి 28. అందరూ ఒకే ఆదివారం చేయాలని 325లో సంఘ పెద్దలు కూడిన నైసియా సభ నిర్ణయించింది. యూదుల పస్కా పండగ పౌర్ణమికి వస్తుంది కాబట్టి ఈ లెక్కంతా వచ్చింది. ఈసారి హోలీ పౌర్ణమి మార్చి 22, సోమవారం. క్యాలెండర్ చూసి ఈస్టర్ తేదీ తనే లెక్కగట్టాడంటే వాడు ఆ సంగతి ఈ జన్మలో మర్చిపోడు.

ఆ చంద్రుడినే ఈస్టర్ ముందు గురువారం రాత్రి పిల్లలకు చూపించండి. తొమ్మిది దాటాక డాబా మీదికి వెళ్తే కొంచెం తరిగిన చంద్రుడు పైకి వచ్చి ఉంటాడు. గెత్సేమనే తోటలో ప్రభువు ప్రార్థన చేసిన రాత్రి కూడా వెన్నెల రాత్రే. శిష్యులు నిద్ర ఆపుకోలేకపోయిన చోటు అదే అని చెప్తే మీ పిల్లలకు వాళ్ల మీద జాలి కలుగుతుంది, తెల్లవారుజామున లేవడం వాళ్లకూ కష్టమే కదా. అదే రోజు పాదాలు కడిగిన సంగతి గుడిలో చదువుతారు. ఇంట్లో పళ్లెం పెట్టుకుని కాళ్లు కడుక్కోమని నేను చెప్పను, కొందరికి అది నాటకంలా ఉంటుంది. ఆ రాత్రి అంట్లు మీవారు, బాబు తోమితే సరిపోతుంది. మీరు ఆ పక్కకు వెళ్లకండి, గిన్నె జిడ్డుగా ఉన్నా సరే.

గుడ్ ఫ్రైడే గురించి ఎక్కువ చెప్పను. పన్నెండు నుంచి మూడు దాకా జరిగే ఆరాధన మీకు అలవాటే. మొదటి ఇద్దరు ప్రసంగీకులే ఒంటిగంటన్నర దాకా లాగడం, చివరి మాటలు ఉరుకుల పరుగుల మీద ముగియడమూ అలవాటే. ఒక్క జాగ్రత్త: మూడో మాట, తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట వచ్చినప్పుడు మీవారు లేచి బయటికి వెళ్తే వెంట వెళ్లకండి. మామయ్య గారికి బీపీ, షుగర్ ఉంటే మాత్రలు మానేసి ఉపవాసం ఉండనివ్వకండి, డాక్టర్ని అడిగి ఏదో ఒకటి తినిపించండి.

మీ అమ్మగారి పిలుపు విషయంలో, ఈసారికి వెళ్లవద్దనే నా సలహా. గుణదలలో జాగరణ ముగిసేసరికి అర్ధరాత్రి అవుతుంది. అక్కడి నుంచి గుంటూరు చేరి, మళ్లీ మూడున్నరకు లేచి మామయ్య గారితో వెళ్లడం మీవల్ల కాదు. రెండూ చేయబోతే రెండుచోట్లా నిద్రపోతారు. ఈ ఏడు ఆయన పక్కన ఉండాల్సింది మీరే. అమ్మకు ఇలా చెప్పండి: జాగరణలో కొత్త నిప్పుతో వెలిగించే ఆ పెద్ద పాస్కా కొవ్వొత్తి ఒక్క రాత్రితో అయిపోదు. ఈస్టర్‌తో కలిపి యాభయ్యో రోజున వచ్చే పెంతెకొస్తు పండగ దాకా పూజల్లో అది పీఠం దగ్గర వెలుగుతూనే ఉంటుంది. ఈసారి పెంతెకొస్తు మే 16. ఆలోపు ఏ ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లినా దాని మీద సిలువ, 2027 అంకెలు చూపించవచ్చు. మీ క్యాథలిక్ ఇళ్లలో ఎవరైనా పోయినప్పుడు శవపేటిక దగ్గర నిలబెట్టేదీ ఆ కొవ్వొత్తే, ఆ సంగతి అమ్మమ్మ చేత చెప్పించండి.

మీరు రాసిన "పదకొండింటికల్లా అయిపోయేది" అన్న మాట దగ్గరికే వస్తున్నాను. మనం విభూది బుధవారం నుంచి నలభై రోజులు కూటాలు పెట్టుకుంటాం, ఉపవాసాలు ఉంటాం, కరపత్రం అచ్చు వేసి మరీ ప్రసంగీకులను పిలుస్తాం. ఈస్టర్‌కు మాత్రం ఒక్క పూట. నిజానికి సంఘ క్యాలెండర్‌లో పండగ కాలం శ్రమల కాలం కంటే పెద్దది, ఈస్టర్ నుంచి పెంతెకొస్తు వరకు యాభై రోజులు. ఆ యాభై రోజుల్లో మన సంఘాల్లో జరిగేది దాదాపుగా వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ తరగతులు (వీబీఎస్) ఒక్కటే. అర్థవంతంగా చేసుకోవడం ఎలా అని మీరు అడిగారు. నా జవాబు ఈ ఏడు వారాల్లో ఉంది.

ఏం చేయాలంటే, ఈ ఏడాది మీ సంఘంలో చావు చూసిన ఇళ్లు ఏవేవో మామయ్య గారిని అడగండి. ఆదరణ కూటం జరిగిన రోజు ఆ ఇళ్లలో కుర్చీలు చాలవు. నెల తిరిగాక గుమ్మం తొక్కేవాళ్లు ఉండరు, అది మీకు ఇప్పుడు బాగా తెలిసి ఉంటుంది. వారానికి ఒక ఇంటికి వెళ్లండి. ప్రసంగం వద్దు, పాట వద్దు. ఎమ్మాయు దారిలో ప్రభువు ముందుగా చేసింది వాళ్ల పక్కన నడుస్తూ "ఏమిటి మీరు మాట్లాడుకుంటున్నది?" అని అడగడం. వాళ్ల బాధంతా విన్నాకే లేఖనాలు విప్పాడు. మనవాళ్లు గడప దాటకముందే లేఖనాలు విప్పుతారు. మీరు టీ తాగి, పోయినవాళ్ల గురించి ఒక మాట అడిగి, వాళ్లు చెప్పేది విని వచ్చేయండి. మామయ్య గారు వెంట వస్తే మరీ మంచిది. భార్యను పోగొట్టుకున్న ఇంకో పెద్దాయన పక్కన ఆయన అరగంట కూర్చుంటే, మీరూ నేనూ చెప్పలేనివి వాళ్లిద్దరూ చెప్పుకుంటారు.

శ్రమల కాలంలో మానేసిన మాంసం, సినిమాల డబ్బు మిగిలి ఉంటే పెద్దాసుపత్రి వైపు వెళ్లండి. పల్నాడు, ప్రకాశం ఊళ్ల నుంచి రోగులను తీసుకొచ్చి రోజుల తరబడి బయటే ఉండేవాళ్లకు భోజనం పొట్లాలు అవసరం. ముందుగా అక్కడి వాళ్ల అనుమతి తీసుకోండి. పొట్లంలో కరపత్రం పెట్టకండి, చేతిలో పెడుతూ ఫొటో తీయకండి. గుంటూరు లూథరన్లకు ఇది కొత్త కాదు. 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ ఆడవాళ్లకు వైద్యం మొదలుపెట్టి, 1898 నాటికి ఆసుపత్రే నిలబెట్టింది.

రంగు గుడ్ల గురించి మీరు అడగలేదు, అయినా పిల్లలు అడుగుతారు. పూర్వం యూరప్‌లో శ్రమల కాలమంతా గుడ్లు తినేవారు కాదు, పండగనాటికి ఇంట్లో పోగుపడేవి. చాక్లెట్ గుడ్డు కొంటే కొనండి, లేదా ఉడికించిన గుడ్లకు పసుపుతోనో బీట్‌రూట్‌తోనో రంగు వేయించండి. దానికి అంతకు మించిన ప్రాముఖ్యం ఇవ్వక్కర్లేదు.

ఆదివారం సమాధుల తోట నుంచి వచ్చాక మాత్రం ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లి పడుకోకుండా అందరూ కలిసి టిఫిన్ తినండి. తిరిగి లేచిన ప్రభువు గలిలయ ఒడ్డున తెల్లవారుజామున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రాత్రంతా వల వేసి అలసిపోయిన శిష్యులను తినమని పిలిచాడు. మీరు ఇడ్లీ, కారప్పొడి పెట్టినా చాలు. రానన్న మీవారు కూడా టిఫిన్‌కు కూర్చుంటారు కదా, ఎక్కడికి వెళ్లామో ఏం చేశామో పిల్లలే చెప్తారు, మీరు చెప్పనక్కర్లేదు. మేనత్త గారికి శనివారమే ఫోన్ చేసి పిలవండి. విందు అనకండి, టిఫిన్ అనండి. రానంటే బాబు చేత క్యారేజీ పంపించండి.